ఇంటి గ్లూకోమీటర్‌లో చక్కెర ఎక్కువ చూపడానికి కారణం?

ప్రశ్న: రక్తహీనత ఉన్న మా నాన్నగారికి ఇంటి గ్లూకోమీటర్ ల్యాబు కంటే ఎక్కువ చక్కెర చూపిస్తోంది. స్ట్రిప్పులోని బయోసెన్సర్ (చక్కెరను పసిగట్టే భాగం) లోపమా?

జవాబు 1: లోపం కాకపోవచ్చునండీ. 1962లో శాస్త్రవేత్తలు క్లార్క్, లయన్స్ ప్రతిపాదించిన ఎంజైమ్ ఎలక్ట్రోడ్ సూత్రమే దీనికీ ఆధారం: ఎంజైమ్ గ్లూకోజ్‌ను ఆక్సీకరించగా వెలువడే ఎలక్ట్రాన్లను మధ్యవర్తి రసాయనం ఎలక్ట్రోడుకు చేరవేస్తే, ఆ విద్యుత్ప్రవాహాన్నే మీటరు అంకెగా మారుస్తుంది. ఎర్రకణాలు తక్కువైతే గ్లూకోజ్ స్ట్రిప్పులోకి సులువుగా చొచ్చుకుపోయి అంకె పెరుగుతుంది. స్ట్రిప్పులతో వచ్చే కాగితంలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎంతవరకు ఉండవచ్చో ఆ పరిధి చూడండి.

జవాబు 2: ల్యాబుతో పోలిక పరగడుపునే చేయండి, భోజనం తర్వాత వేలి రక్తంలో చక్కెర ల్యాబు వాళ్ళు తీసే సిరరక్తంలో కంటే ఎక్కువే ఉంటుంది.

జవాబు 3: పెరిటోనియల్ డయాలసిస్‌కు (పొట్టలోకి ద్రవం ఎక్కించి చేసే రక్తశుద్ధికి) ఐకోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ఉన్న ద్రవం వాడేవారికి ఇంకా పెద్ద చిక్కు. అది శరీరంలో మాల్టోజ్ అనే మరో చక్కెరగా విడిపోతుంది. పీక్యూక్యూ రకం గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ వాడే స్ట్రిప్పులు దాన్నీ గ్లూకోజ్‌గానే లెక్కిస్తాయి. లేని చక్కెరను చూపే ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ ఇస్తే అసలు చక్కెర పడిపోయి ప్రాణాపాయం.