అప్‌డేట్: పాత వంట పుస్తకాలతో తక్కువ ఖర్చు వంటలు

పాత వంట పుస్తకాల్లోంచి తక్కువ ఖర్చుతో ఇంట్లో వండుకోదగిన వంటకాలను ఎలా ఏరుకోవాలని కొంతకాలం క్రితం అడిగాను. కొరత రోజుల్లో అచ్చయిన పుస్తకాలు చూడమని చాలామంది సూచించారు. ఆ సలహా నిజంగా ఫలించింది. బ్రిటన్‌లో 1940 నుంచి 1954 వరకు ఆహార రేషన్ అమలైన కాలపు పుస్తకాల్లో మాంసం, వెన్న, చక్కెర పొదుపుగా వాడుతూ, బంగాళదుంపలు, క్యారెట్లు, ఓట్స్‌తో కడుపు నింపే పద్ధతులే ఎక్కువగా కనిపించాయి.

అన్నిటికంటే మేలు చేసింది మిగిలిపోయినవాటి వాడకం గురించిన అధ్యాయం. క్యారెట్ చివరలు, ఉల్లికాడలు, ఎముకలు సన్నని సెగ మీద రెండు గంటలు మరిగించి, వడకట్టిన నీళ్లలోనే మర్నాడు బీన్స్ గింజలు ఉడికించాను. గట్టిపడిన రొట్టెను పొడిచేసి అందులో కలపగానే పలుచగా ఉన్న సూప్ గరిటెకు అంటుకునేంత చిక్కబడింది.

కొలతల విషయంలో మాత్రం మొదట పొరబడ్డాను. పైంట్ అంటే బ్రిటిష్ పుస్తకంలో 568 మిల్లీలీటర్లు, అమెరికన్ పుస్తకంలో 473 మిల్లీలీటర్లు కాబట్టి, పుస్తకం ఏ దేశానిదో ముందుగా చూసుకోవాలి. ‘మధ్యస్థమైన ఓవెన్ వేడి’ అని రాస్తే సుమారు 180 డిగ్రీల సెల్సియస్ అనుకోవచ్చు.

సీసాల్లో కూరగాయలు నిల్వచేసే పేజీలను నేను పూర్తిగా వదిలేశాను. పులుపు తక్కువగా ఉండే కూరగాయలను మామూలుగా మరిగించి మూతపెడితే, ప్రాణాంతకమైన బోట్యులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది.