కొత్త కథల పుస్తకాలకి రివ్యూ రాయాలి: పిల్లలవీ పెద్దలవీ ఒకే కొలతతో చూడొచ్చా?

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారమండీ. మా కాలనీలో నాలుగు కుటుంబాలం కలిసి చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. కొత్త పుస్తకాలు చాలావరకు జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో కొనుక్కొస్తాం. డిసెంబర్‌లో ఎవరైనా హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్తే వాళ్ళకో లిస్టు ఇస్తాం. ఈసారి సభ్యుల వాట్సాప్ గ్రూపులో నెలనెలా కొత్త పుస్తకాల మీద రివ్యూలు పెడదామనుకున్నారు, అందరూ తలా ఒక మాట అనేసి రాసే పని మాత్రం నాకు అంటగట్టారు.

ప్రస్తుతం నా ముందున్నవి: ఒక నవల, రెండు కథాసంపుటాలు, నాలుగు పిల్లల బొమ్మల పుస్తకాలు. నమూనా కోసం పత్రికల్లో వచ్చే పుస్తక పరిచయాలు చూశాను. సగం వాటిలో కథ మొత్తం చెప్పేస్తారు, మిగతా సగంలో "ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిన పుస్తకం" తప్ప ఏమీ ఉండదు. పిల్లల పుస్తకాల సంగతైతే మరీ అన్యాయం, "చిన్నారులను ఆకట్టుకుంటుంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తున్నారు.

నా సందేహాలు ఇవీ. కథ ఎంతవరకు చెప్పాలి? పిల్లల పుస్తకాన్ని పెద్దదాన్నయిన నేను ఎలా తూచాలి? ఇంకోటి, ఒక సంపుటి రచయిత మాకు బాగా తెలిసినాయన, పుస్తకం ఊరికే ఇచ్చారు, అందులో సగం కథలు నాకు నచ్చలేదు. టెన్షన్ అంతా దీని గురించే.

---

పాతపేజీలు (హైదరాబాద్)

ముందు ఒక పని చేయండి. పుస్తకంలో ముందుమాటలు ఉంటాయి కదా, మన దగ్గర ఒకటితో ఆగదు, మూడు నాలుగు ఉంటాయి, అవి చదవకుండా నేరుగా కథల్లోకి వెళ్ళండి. మీరు చూసిన ఆ పరిచయాల్లో చాలావరకు ముందుమాటలోంచి ఎత్తి రాసినవే. వెనక అట్ట మీద ఉన్న పొగడ్త కూడా అంతే. మీ అభిప్రాయం రాసేశాక వాటిని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండోది, అది నిజంగా కొత్త పుస్తకమేనా అన్నది. లోపలి అట్ట వెనక ముద్రణ వివరాలుంటాయి, "తొలి ముద్రణ" అని ఏ నెల, ఏ సంవత్సరం ఉందో చూడండి. కొత్త అట్టతో వచ్చిన పాత పుస్తకాలు మన స్టాళ్ళలో బోలెడు. అది తప్పేం కాదు, కానీ చదివేవాడికి చెప్పాలి. కథాసంపుటాల విషయంలో ఇంకో మెలిక ఉంది: మన కథలు ముందు ఆదివారం అనుబంధాల్లోనో, వెబ్ పత్రికల్లోనో (ఈమాట 1998 నుంచి నడుస్తోంది, చాలా మంచి కథలు మొదట అక్కడే వచ్చాయి) అచ్చయ్యాకే సంపుటికెక్కుతాయి. ఒక్కో కథ కింద ఏ పత్రిక, ఏ తేదీ అని వేస్తారు. అది చూస్తే పదేళ్ళ వ్యవధిలో రాసినవన్నీ ఒక్కచోట కట్టారా, లేక ఒక ఊపులో రాసినవా అని తెలుస్తుంది. అనుబంధాల్లో స్థలం కొలిచి ఇస్తారు కాబట్టి కొన్ని కథలు చివర్లో కత్తిరించినట్టు ఆగిపోతాయి, సంపుటిలో వేసేటప్పుడైనా రచయిత వాటిని సరిచేశాడో లేదో గమనించండి.

కథ ఎంత చెప్పాలంటే నా లెక్క ఇది. నవల అయితే చిక్కు మొదలయ్యేదాకా చెప్పండి, అది విడిపోయే తీరు చెప్పకండి. కథల సంపుటి అయితే అన్ని కథలకీ తలా రెండు లైన్లు పంచే పద్ధతి వద్దు. పద్నాలుగు కథలుంటే పద్నాలుగింటి పేర్లూ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. రెండిటిని పట్టుకుని బాగా రాయండి, ఒకటి బాగా నచ్చింది, ఇంకోటి కుదరనిది.

"హృద్యంగా", "ఆవిష్కరించారు", "కళ్ళకు కట్టారు", "గుండె తడి" లాంటి మాటలు రాశారంటే ఆ చోట మీకు చెప్పడానికేమీ లేదన్నమాటే. ఊహించి ఒక ఉదాహరణ రాస్తాను. "గల్ఫ్ వలస బతుకులను హృద్యంగా చిత్రించిన నవల" అన్నారనుకోండి, నాకేం తెలిసింది? అదే ఇలా రాస్తే: "మొదటి అరవై పేజీలు మస్కట్‌లో క్యాంపు గది దాటి బయటికి రావు. ఒకే మంచం మీద పగటి షిఫ్టువాడు, రాత్రి షిఫ్టువాడు వంతులవారీగా పడుకోవడం, దుప్పటి ఎవరిదన్న గొడవ, ఇదంతా రచయిత తాపీగా చెప్పాడు. మనిషి జగిత్యాల తిరిగొచ్చాక మాత్రం బస్సు పోతుందన్నట్టు పరుగెత్తించాడు, అప్పులు, పెళ్ళి, చావు అన్నీ ఇరవై పేజీల్లో." ఇది చదివినవాడు కొనాలో వద్దో తనే తేల్చుకుంటాడు, మీరు బాగుంది బాగోలేదు అని తీర్పు కూడా ఇవ్వనక్కర్లేదు.

పుస్తకంలోంచి రెండు మూడు వాక్యాలు యథాతథంగా ఇవ్వండి. మాండలికంలో రాసిన పుస్తకమైతే తప్పకుండా. ఆ నుడి తనకి పడుతుందో లేదో పాఠకుడికి ఆ మూడు లైన్లలోనే తెలిసిపోతుంది. పుస్తకం.నెట్‌లో 2009 నుంచి మామూలు పాఠకులు రాసిన వ్యాసాలున్నాయి, వెతికి నాలుగైదు చదవండి. పండితులు రాసినవాటి కంటే అవే మీకు పనికొస్తాయి.

---

బొబ్బిలి పంతులు

పిల్లల పుస్తకాల గురించి నేను చెప్తాను, రెండో తరగతికి పాఠాలు చెప్పేవాణ్ణి.

పిల్లల పుస్తకాన్ని పెద్దవాళ్ళు కూర్చుని మౌనంగా చదివి రివ్యూ రాయడం దండగ మేడం. పైకి చదవండి, పిల్లల ముందు చదవండి. ఎక్కడ కదులుతున్నారు, ఎక్కడ పక్కవాణ్ణి గిల్లుతున్నారు, ఎక్కడ మీరు పేజీ తిప్పబోతే "ఆగండి సార్" అన్నారు, ఇదే రివ్యూ. మొన్నామధ్య ఒక కొత్త పుస్తకం చదివి వినిపిస్తున్నాను. కథలో అవ్వ బుట్టలో జామకాయలున్నాయని రాశారు, బొమ్మలో చూస్తే పసుపుపచ్చటి మామిడిపళ్ళు. నేనసలు చూడలేదు, వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి నిలబడి "సార్, అవి జాంకాయలు కావు" అంది. ఇంకేముంది, కథ వదిలేసి అందరూ మిగతా పేజీల్లో తప్పులు వెతకడం మొదలెట్టారు. బొమ్మలు వేసినాయనకి కథ పూర్తిగా ఇచ్చారో లేదో నాకు అనుమానమే. పిల్లల పుస్తకంలో బొమ్మ సగం కథ, అందుకని బొమ్మలు వేసినవాళ్ళ పేరు రివ్యూలో తప్పక రాయండి. ఈ విషయం ఎవరూ పట్టించుకోరు.

తర్వాత, చివరి పేజీ. "కాబట్టి పిల్లలూ..." అని మొదలయ్యే వాక్యం ఉందా లేదా? ఉంటే నా పుస్తకంలో మార్కులు కట్. మన పిల్లల కథలకి ఈ జబ్బు ఎప్పట్నుంచో ఉంది. దొంగతనం చేయకూడదు, పెద్దల మాట వినాలి, చెట్లు నాటాలి. చెట్లు నాటమని చెప్పే కథ చదివి ఏ పిల్లాడూ చెట్టు నాటగా నేను చూడలేదు. 1947 జులైలో చందమామ మొదలైంది, ఆ పత్రిక మన తాతల్నీ మన నాన్నల్నీ కూడా కూర్చోబెట్టి చదివించిందంటే రాక్షసులూ మాయలూ దొంగలూ తెలివితేటలూ ఉండబట్టే. నీతి ఉండకూడదని కాదు, కథలో ఉంటే చాలు, మళ్ళీ విడిగా వడ్డించొద్దు.

ఇక చదవగలిగే స్థాయి. "6 నుంచి 12 ఏళ్ళవారికి" అని అట్ట మీద వేస్తారు, ఆరేళ్ళవాడికీ పన్నెండేళ్ళవాడికీ ఒకటే పుస్తకమేంటో! స్టోరీవీవర్ వాళ్ళు (ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైటు, 2015లో మొదలైంది, తెలుగు కథలు కూడా ఉచితంగా దొరుకుతాయి) నాలుగు లెవెల్స్ పెట్టారు. మొదటిది 250 పదాల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, ఆపైన నాలుగోది. మీరు కూడా అలాంటిదేదో పెట్టుకోండి. కానీ పదాల లెక్క ఒక్కటే చాలదు, ఒత్తులు చూడాలి. మా తరగతిలో బాగా చదివే పిల్లాడు కూడా "నిశ్చయించుకున్నాడు" దగ్గర ఆగిపోతాడు, అదే "అనుకున్నాడు" అని ఉంటే గడగడా వెళ్ళిపోతాడు. పేజీలో అలాంటివి నాలుగు తగిలాయంటే కథ ఎంత బాగున్నా పుస్తకం మూసేస్తాడు. అచ్చు చిన్నగా ఉంటే ఒత్తులు కిందిలైను గుడులకి తగులుతాయి, అది కూడా చూసుకోండి.

---

అచ్చుతప్పు

పదిహేనేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న ప్రాణిని. అచ్చుతప్పుల గురించి ఒక్క లైనైనా రాయండి ప్లీజ్, పెద్దల పుస్తకాలకైనా సరే. "ళ"కి "ల", "ణ"కి "న" పడితే ఎవరూ అడగట్లేదని ప్రచురణకర్తలు ప్రూఫ్ రీడింగ్ డబ్బులు మిగుల్చుకుంటున్నారు. పిల్లల పుస్తకంలో అయితే అది నేరం, వాళ్ళు అదే సరైనదనుకుని నేర్చుకుంటారు.

---

ప్లానో అమ్మ (టెక్సాస్)

పంతులు గారు చెప్పిన స్థాయి విషయానికి నేనొకటి కలుపుతాను. మా అబ్బాయికి పదేళ్ళు, ఆదివారం మనబడికి (ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే బడి) వెళ్తాడు. ఇంగ్లీషులో మూడొందల పేజీల నవలలు నమిలేస్తాడు, తెలుగులో మాత్రం కూడబలుక్కుని చదువుతాడు. వాడు చదవగలిగే తెలుగు పుస్తకాలన్నీ బుజ్జి కుక్కపిల్ల, చిట్టి చీమ టైపు, చూడగానే "అమ్మా, ఇవి బేబీ బుక్స్" అంటాడు. వాడికి నచ్చే కథలేమో చదవలేడు. అందుకని రివ్యూలో రెండు వేరువేరుగా రాయండి, చదవడం ఎంత కష్టం, కథ ఏ వయసు వాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది అని. మావాడి లాంటి పిల్లలు హైదరాబాద్ ఇంగ్లీష్ మీడియం స్కూళ్ళలో కూడా ఉన్నారు, మా అక్క కూతురు అచ్చం ఇంతే.

ఇంకో విషయం, మేం షాపుకెళ్ళి పేజీలు తిరగేసి కొనలేం. పుస్తకం వంద రూపాయలైతే పోస్టేజీ దానికి ఎన్నో రెట్లవుతుంది. రివ్యూ చూసే ఆర్డర్ పెట్టాలి. పేజీలెన్ని, రంగుల బొమ్మలా నలుపు తెలుపా, కాగితం ఎలా ఉంది, రెండు భాషల్లో ఉందా (తూలికా అనే పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలవి కొన్ని తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కనే ఉంటాయి, మాలాంటివాళ్ళకి వరం), ఇవి రాస్తే దండం పెడతాను. తానా (ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం), "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ కలిసి వేసిన బొమ్మల కథలు కొన్ని ఇక్కడ తెప్పించుకున్నాం, అవి మావాడు చెల్లికి చదివి పెట్టాడు. తను చదివితే బేబీ బుక్, చెల్లికి చదివితే పెద్దరికం!

---

మూడోసంపుటి

కథలు రాసేవాణ్ణి కాబట్టి అటువైపు నుంచి మాట్లాడతాను, తిట్టుకోకండి. తెలుగులో కథల పుస్తకం అంటే ఐదొందల కాపీలు వేస్తారు, బాగా ధైర్యం చేస్తే వెయ్యి. చాలామంది సొంత డబ్బుతో వేసుకుంటారు, ఆవిష్కరణ సభకి వచ్చినవాళ్ళకి పంచగా మిగిలినవి ఇంట్లో మంచం కిందకి చేరతాయి. ఆ పరిస్థితిలో పేజీ నంబర్లతో సహా తప్పులు ఏకరువు పెడితే ఏం సాధించినట్టు? నచ్చకపోతే ఊరుకోండి, నచ్చినవాటి గురించే రాయండి. గోదారిగట్టు గారు, ఆ తెలిసినాయన పుస్తకం గురించి నా సలహా ఇదే, సగం నచ్చాయన్నారుగా, ఆ సగం గురించి రాయండి, చాలు.

---

పాతపేజీలు

మూడోసంపుటి గారూ, మీ బాధ అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. ఐదొందల కాపీలే వేసే చోట తప్పుడు పొగడ్త ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ లైబ్రరీలో ఉండేది యాభై మందో వంద మందో. వాళ్ళని "అద్భుతం" అని రెండుసార్లు నమ్మించి నిరాశ పెట్టారంటే మూడోసారి నిజంగా మంచి పుస్తకం గురించి రాసినా ఎవరూ చేత్తో పట్టుకోరు. రివ్యూ రాసేది రచయిత కోసం కాదు, ఆ పుస్తకానికి డబ్బులూ రెండు సాయంత్రాలూ పెట్టబోయేవాడి కోసం. పిల్లల పుస్తకమైతే డబ్బు పెట్టేవాళ్ళు ఒకరు, చదివేవాళ్ళు ఇంకొకరు, కాబట్టి ఇద్దరి కోసమూ రాయాలి. పెద్దల పుస్తకానికీ దానికీ నేను చూసే తేడా అదొక్కటే.

మొహమాటం సంగతికొస్తే, "రచయిత మా మిత్రులు, పుస్తకం వారే ఇచ్చారు" అని మొదటి లైన్లోనే రాసేయండి. ఆ తర్వాత ఏం రాసినా గౌరవంగానే ఉంటుంది. నచ్చని కథ గురించి రాసేటప్పుడు మనిషి జోలికి పోకుండా కథలో ఎక్కడ పట్టు తప్పిందో చూపించండి. "ఏడో కథలో కోడలు ఎందుకు తిరిగొచ్చిందో నాకు అందలేదు" అంటే ఎవరికీ కోపం రాదు. వచ్చినా వారం రోజులు.

---

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్సండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. పంతులు గారూ, నాలుగు బొమ్మల పుస్తకాలూ ఆదివారం పిల్లల ముందు పైకి చదివి వినిపించాకే రాస్తాను. ప్లానో అమ్మ గారు చెప్పినట్టు చదవడానికి ఎంత కష్టం, కథ ఏ వయసుకి అని రెండు వేరే లైన్లు పెడతాను. స్నేహితుల పుస్తకం గురించి పాతపేజీలు గారి మాటే వింటాను, మూడోసంపుటి గారు క్షమించాలి.

మరి పన్నెండు నుంచి పదహారేళ్ళవాళ్ళ సంగతేంటి? మా లైబ్రరీలో ఎనిమిదో తరగతి పిల్లలు ఆరుగురున్నారు, బొమ్మల అర వైపు చూడరు, పెద్దల అర దగ్గర తచ్చాడుతుంటారు.

---

బొబ్బిలి పంతులు

ఆ వయసుకి కొత్తగా రాసేవాళ్ళు మన దగ్గర చాలా తక్కువ మేడం, ఉన్నమాట. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, 2011 నుంచి ముప్పై అయిదేళ్ళలోపు రచయితలకి యువ పురస్కారం ఇస్తోంది. ఈ రెండు జాబితాలూ తీసి తెలుగువాటిని చూడండి, రెండో జాబితాలో కథల పుస్తకాలు కొన్ని పదో తరగతి పిల్లలకి కూడా ఇవ్వొచ్చు. కానీ ముందు మీరు చదవాలి.

పెద్దల పుస్తకాలకి రాసే రివ్యూలోనే చివర ఒక లైను పెట్టండి, ఎనిమిదో తరగతి వాళ్ళకి ఇవ్వొచ్చా, ఇస్తే సంపుటిలో ఏ కథలతో మొదలుపెట్టించాలి అని. హింస, తాగుడు, పడగ్గది ఉంటే ఉన్నాయని మామూలుగా చెప్పండి, భయపెట్టకండి. తల్లిదండ్రులు తేల్చుకుంటారు. ఆ ఆరుగురిలో ఒకరి చేత రివ్యూ రాయించండి కూడా, పిల్లలకి మొహమాటం ఉండదు.

---

ప్లానో అమ్మ

ధర, ఎక్కడ దొరుకుతుందో రాయడం మర్చిపోకండి. ఆ రివ్యూలు ఇక్కడ కూడా పెడతారా?

---

గోదారిగట్టు

పెడతానండీ. మొదట నవల, ఆ వెంటే బొమ్మల పుస్తకాలు. మావారి స్నేహితుడి సంపుటి మాత్రం ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చి వెళ్ళాక :)