చలికి నీళ్ల పైపు గడ్డకట్టకుండా కొబ్బరి పీచు చుడితే సరిపోతుందా?

ఉద్దానం ప్లంబర్:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా ప్లంబింగ్ పనే నాకు అన్నం పెడుతోంది. అందులో ఆరేళ్లు మస్కట్‌లో చేశాను. ఎండకు పెళుసెక్కి పగిలిన పైపులు వందల్లో మార్చి ఉంటాను. చలికి పగిలిన పైపు మాత్రం కంటితో చూడలేదు. అందుకే అడుగుతున్నాను.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో మినియాపొలిస్ పక్కన ఒక పాత ఇల్లు కొనుక్కున్నారు. 1950ల్లో కట్టింది, అన్నీ రాగి పైపులు. పోయిన సంక్రాంతికి మూడు రోజులు చికాగోలో స్నేహితుల ఇంటికి వెళ్తూ, గ్యాసు బిల్లు కలిసొస్తుందని ఇంటి హీటింగ్ బాగా తగ్గించి వెళ్లారట. తిరిగొచ్చి వంటింటి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. బాత్రూంలో మాత్రం వస్తున్నాయి. బయట మైనస్ ఇరవై ఆరు. అమ్మాయికి అప్పుడు ఏడో నెల. వీడియో కాల్‌లో ఏడుస్తూ "నాన్నా, ఇప్పుడేం చెయ్యాలి" అంది. ఊళ్లో ఎవరింట్లో నీళ్లు ఆగినా నాకే ఫోన్ చేస్తారు. నా కూతురు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా నిద్రపోలేదు. హీటింగ్ పెంచాక మర్నాడు మధ్యాహ్నానికి నీళ్లు వచ్చాయి. దేవుడి దయ, పైపు పగల్లేదు.

ఇప్పుడు కార్తీకం వచ్చేసింది. ఇంకో నెలలో అక్కడ గట్టి చలి మొదలవుతుంది. మనవడికి ఎనిమిదో నెల, ఇంట్లో నీళ్లు ఆగితే కుదరదు.

సింకు కింద అల్మారాలో రెండు పైపులూ ఉత్తరం వైపు బయటి గోడను ఆనుకుని పైకి వస్తాయి. తిత్లీ తుపానుకి మా తోటలో సగం చెట్లు పోయినా పీచుకి కరువు లేదు. నాలుగు కట్టల తాడు పేని పెట్టాను, మా ఊరి కుర్రాడు ఒకడు అటు వెళ్తున్నాడు. పైపు మొత్తం బిగించి చుట్టి, అల్మారా ఖాళీలో కూడా పీచు కుక్కి, తలుపు మూసేస్తే చాలా? లేకపోతే ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోమ్ మేలా? చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు చెప్పండి.

చీపురుపల్లి మాజీ జవాన్:

అన్నగారూ, తాడు పంపకండి. పీచు తడి పీల్చుకుంటుంది, తడిస్తే చలిని ఆపదు, పైగా ఎలుకలు గూడు పెడతాయి. నేను ఆర్మీలో ఉండగా మూడు చలికాలాలు లేహ్‌లో ఉన్నాను. అక్కడ మొదట్లో మేమూ గోనెపట్టాలు చుట్టేవాళ్లం. రెండు వరసలు, మూడు వరసలు. అయినా తెల్లారేసరికి గడ్డే.

ఎందుకో మా దగ్గర పనిచేసే ఫిట్టర్ చెప్పాక అర్థమైంది. చుట్టిన గుడ్డ వేడి పుట్టించదు. ఉన్న వేడి త్వరగా పోకుండా ఆపుతుంది, అంతే. పైపులో నీళ్లు కదలకుండా ఉండి, చుట్టూ ఎక్కడా వేడి లేకపోతే, రెండు గంటల్లో గడ్డకట్టేది ఐదారు గంటల్లో కడుతుంది. ఆ తేడా ఒక్క రాత్రి చలికి పనికొస్తుంది, వారం రోజుల చలికి కాదు. అందుకే సాయంత్రం నీళ్ల పని అవగానే వాల్వ్ కట్టేసి, లైనులో అన్నిటికన్నా కింద ఉన్న డ్రెయిన్ తెరిచి మొత్తం ఖాళీ చేసేవాళ్లం. ఖాళీ పైపును చలి ఏమీ చెయ్యలేదు.

ఒక రోజు డ్రెయిన్ తెరవడం మర్చిపోయారు. పొద్దున చూస్తే అంతా బాగానే ఉంది, ఎక్కడా చుక్క కారడం లేదు. పన్నెండింటికి ఎండ తగిలాక గోడ మీద నుంచి నీళ్లు కొట్టాయి. జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) వేలెడు పొడవున నిలువునా చీలి, అంచులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. గడ్డ ఉన్నంతసేపూ ఆ గడ్డే బిరడాలా అడ్డుపడింది, కరగ్గానే కారింది. మీ అమ్మాయి ఇంట్లో మర్నాడు నీళ్లు వచ్చినప్పుడు కూడా అదే ప్రమాదం ఉండేది. ఈసారి నీళ్లు ఆగితే ముందు మెయిన్ వాల్వ్ కట్టి, ఆ తర్వాతే వేడి చెయ్యమనండి.

ఇంకో మాట. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పైపు గడ్డ ఉన్నచోటే పగులుతుందనుకుంటాం. కానీ గడ్డకీ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటికి పోయే దారి ఉండదు, అక్కడ ఒత్తిడి పెరిగి పగులుతుంది. కుళాయి కొద్దిగా తెరిచి ఉంచితే ఆ ఒత్తిడి నిలవదు.

రాజాం అమ్మాయి (ఇప్పుడు మిన్నెసోటా):

బాబాయ్ గారూ, మీ పోస్ట్ చదివి నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఇక్కడ నాకిది తొమ్మిదో చలికాలం. మీ ఆలోచనలో ఒక్కటి మాత్రం తప్పకుండా మార్చుకోవాలి. అల్మారాలో ఏదీ కుక్కకండి, తలుపు మూయకండి!

ఆ పైపుకి ఒక పక్క చలి గోడ, ఇంకో పక్క వెచ్చటి వంటిల్లు. మీరు చుట్టూ కుక్కేస్తే వంటింటి వేడి పైపు దాకా రాదు, గోడ చలి మాత్రం మెల్లగా వస్తూనే ఉంటుంది. అడ్డు పెట్టాల్సింది పైపుకీ గోడకీ మధ్య. గది వైపు తెరిచి ఉంచాలి. గట్టి ఫోమ్ బోర్డు ముక్క కోసి పైపుల వెనక గోడకి పెట్టమనండి. చలి ఎక్కువున్న రాత్రుళ్లు అల్మారా తలుపులు బార్లా తెరిచి పెట్టాలి. పిల్లాడు పాకే వయసు కదా, కింద ఉన్న క్లీనింగ్ సీసాలు ముందే తీసేయమనండి.

రెండోది గాలి. పాత ఇళ్లలో పైపు గోడలోంచి వచ్చేచోట కన్నం పైపు కన్నా పెద్దగా ఉంటుంది. సన్నటి చలిగాలి సూటిగా పైపు మీద కొడుతుంటే ఎంత చుట్టినా దండగే. గాలి వీచే రోజు అగరుబత్తి వెలిగించి ఆ కన్నాల దగ్గర పట్టుకుంటే తెలిసిపోతుంది, పొగ నిటారుగా లేవకుండా గదిలోకి వంగుతుంది. అక్కడ కాక్ (సందులు పూడ్చే మెత్తటి జిగురు ముద్ద) కొట్టాలి, పెద్ద సందైతే డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే ఫోమ్. బేస్‌మెంట్‌లో పునాది గోడ మీద చెక్క కూర్చునే చోట కూడా చూడమనండి. మా ఇంట్లో అసలు దొంగ అక్కడే దొరికాడు.

నల్ల ఫోమ్ వాడాల్సింది బేస్‌మెంట్‌లో వేడి తగలని పైపులకు. కొలత సరిగ్గా పైపుకి సరిపోవాలి, చీలికకి టేపు వెయ్యాలి, ఎల్బోల (పైపు మలుపుల) దగ్గర 45 డిగ్రీలకి కోసి అతకాలి. ఎల్బో వదిలేస్తే అక్కడే గడ్డ పట్టుకుంటుంది. ఫోమ్‌తో ఆగనిచోట హీట్ కేబుల్ వేస్తారు, అంటే పైపుని వెచ్చబెట్టే కరెంటు తీగ, చలిని బట్టి దానంతటదే ఆన్ ఆఫ్ అయ్యే థర్మోస్టాట్ ఉన్నది. మామూలు కేబుల్‌ని దాని మీద దాన్నే చుట్టకూడదు, కాలిపోతుంది.

ఊరెళ్లినా హీటింగ్ 55 ఫారెన్‌హీట్, అంటే 13 సెల్సియస్ కన్నా తగ్గించకూడదు. బయట తోట కుళాయికి ఉన్న హోసు పైపు ఇప్పుడే ఊడదీయాలి. మళ్లీ గడ్డకడితే కుళాయి తెరిచి, కుళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి హెయిర్ డ్రయ్యర్ పట్టాలి. మంట మాత్రం వద్దు, గోడలన్నీ చెక్కే.

ఉద్దానం ప్లంబర్:

తల్లీ, తమ్ముడూ, ఇద్దరికీ చేతులెత్తి దండం. నేను అనుకున్నట్టే చేసి ఉంటే పైపుని నేనే చలిలోకి నెట్టేవాణ్ని. రాత్రే అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఒక్క సందేహం. కుళాయి రాత్రంతా కారుతూ ఉంటే వీధి నీళ్లు కూడా చల్లగానే ఉంటాయి కదా, అవి గడ్డకట్టవా?

రాజాం అమ్మాయి (ఇప్పుడు మిన్నెసోటా):

ఇక్కడ వీధి మెయిన్ ఏడెనిమిది అడుగుల లోతున ఉంటుంది బాబాయ్ గారూ. చల్లగానే ఉంటాయి, కానీ సున్నా పైనే. కదులుతూ ఉంటే ఆ కొంచెం వేడినే పైపుకి ఇస్తూ ఉంటాయి. పెన్సిల్ ములుకంత ధార చాలు, మరీ చలి రాత్రుళ్లు మాత్రమే. వేడి నీళ్ల వైపు కూడా కొద్దిగా తెరవాలి, అది కూడా అదే గోడని ఆనుకుని ఉంది కదా.

శ్రీకాకుళం డాబా ఇల్లు:

మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే పైపుకి ఆ నల్ల ఫోమ్ తొడిగితే మే నెలలో మధ్యాహ్నం నీళ్లు కాలకుండా ఉంటాయా?

ఉద్దానం ప్లంబర్:

ఇది నా పనే, నేను చెప్తాను. పైపుకి కొంత పనికొస్తుంది బాబూ, కానీ ట్యాంకులో నీళ్లే కాగితే పైపుకి ఎంత తొడిగినా లాభం లేదు. ముందు ట్యాంకుకి నీడ వెయ్యండి. ఫోమ్ ఎండకి రెండేళ్లలో పొడి పొడి అయిపోతుంది, పైన అల్యూమినియం టేపు చుట్టాలి.

ఉద్దానం ప్లంబర్:

చెప్పినవాళ్లకు జరిగింది కూడా చెప్పాలి. ఆదివారం అమ్మాయి ఫోన్ పట్టుకుంటే అల్లుడు అగరుబత్తి పెట్టాడు. వేడి నీళ్ల పైపు దగ్గర పొగ కదల్లేదు. చన్నీళ్ల పైపు కింద, బొటనవేలు దూరేంత సందు దగ్గర, పొగ అడ్డంగా కోసుకుని అతని ముఖం మీదికే వచ్చింది. ఇక్కణ్నుంచి చూస్తున్న నాకు కూడా ఆ చలి తగిలినట్టయింది. సందు మూసి, వెనక బోర్డు పెట్టారు. తర్వాత మీటరు పక్కన మెయిన్ వాల్వ్ చూపించమన్నాను. ఏళ్లుగా తిప్పలేదేమో, బిగుసుకుపోయి ఉంది. బలం పెట్టొద్దన్నాను, పాత గేట్ వాల్వ్ కాడ విరిగితే ఇంకో తంటా. బుధవారం అక్కడి ప్లంబర్ వచ్చి దాన్ని తీసి, పిడి పావు చుట్టు తిప్పితే మూసుకునే బాల్ వాల్వ్ బిగించాడు. ఇప్పుడు అమ్మాయి ఒంటి చేత్తో కట్టగలదు, నాకు కట్టి చూపించింది.

నిన్న అక్కడ మొదటి పెద్ద చలి, మైనస్ పద్దెనిమిది. మనకి సాయంత్రం ఐదున్నర, వాళ్లకి తెల్లవారుజాము ఆరు. అడక్కముందే వీడియో పంపింది. అల్మారా తలుపులు తెరిచి ఉన్నాయి, పైపు పక్కన పెట్టిన థర్మామీటర్‌లో 11 డిగ్రీలు, కుళాయిలోంచి సన్నటి ధార. వెనక మనవడి గొంతు వినిపిస్తోంది.