"నాకు కొంచెం ఓసీడీ" అనడం తప్పా?

వానాకాలం: మా ఆఫీసులో ఎక్సెల్ షీట్‌లో గడులు వరుసగా లేకపోతే "నాకు ఓసీడీ, తట్టుకోలేను" అంటారు. మేనేజర్ పొద్దున నవ్వి మధ్యాహ్నం కసిరితే "బైపోలార్ మనిషి" అంటారు. మ్యాచ్ ఓడిపోతే డిప్రెషన్. నిన్న నేను కూడా నాకు ఓసీడీ అన్నాను. పక్క సీటు అమ్మాయి "ఆ మాట అలా వాడొద్దు" అని లేచి వెళ్లిపోయింది. సారీ చెప్పాను గానీ, నిజంగా అంత తప్పా?

లెక్కలమాస్టారు: ఏం తప్పు లేదు బాబూ. సినిమా పిచ్చి అంటాం, పిచ్చి మొక్కలు అంటాం. తల్లి బిడ్డను ఎత్తుకుని "నా పిచ్చి నాన్నా" అని ముద్దు పెట్టుకుంటుంది. అందులో ఎవరికైనా అవమానం ఉందా? మాట జనం నోట్లో పడ్డాక అర్థం మారుతుంది.

తులసికోట: మాస్టారూ, పిచ్చికి ఎప్పటినుంచో పది అర్థాలున్నాయి. ఓసీడీ ఒక మానసిక జబ్బు పేరు. మా తమ్ముడికి అదే. ఇంటర్‌లో మొదలైంది. చేతులు కడుగుతూ పదహారు లెక్కపెట్టేవాడు. మధ్యలో అమ్మ పిలిస్తే మళ్లీ ఒకటి నుంచి. సబ్బు రెండు రోజులకొకటి అయిపోయేది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు వచ్చేది, అమ్మ రాత్రిళ్లు కొబ్బరినూనె రాసేది. అదంతా అర్థంలేని పనని వాడికీ తెలుసు, అయినా ఆపలేడు. ఆపితే అమ్మకు ఏదో అవుతుందని భయం. మా నాయనమ్మేమో "వీడొక్కడికే మడి తెలుసు" అని చుట్టాలకు గొప్పగా చెప్పేది. షీట్‌లో గడులు సర్దితే మీకు తృప్తిగా ఉంటుంది. వాడికి ఒక్కరోజు కూడా తృప్తి లేదు.

సీమమిర్చి: లడ్డూలు చూసి "నాకు షుగర్ వచ్చేలా ఉంది" అంటాం. దానికి ఎవరూ బాధపడరే?

తులసికోట: షుగర్ ఉందని ఎవరికీ పెళ్లి సంబంధం తప్పిపోలేదని చెప్పను. కానీ షుగర్ మాత్ర నలుగురి ముందు వేసుకుంటారు కదా.

లెక్కలమాస్టారు: అమ్మా, నా ప్రశ్నకు జవాబు రాలేదు. పిచ్చి అనొచ్చా, అనకూడదా? అనొచ్చంటే మిగతావీ అనొచ్చు.

నల్లకోటు: 1912లో వచ్చిన చట్టం పేరే ఇండియన్ లూనసీ యాక్ట్, లూనసీ అంటే పిచ్చి. 1987లో కొత్త చట్టం తెచ్చి ఆ పేరు తీసేశారు. 2017లో మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది. మాటదేముందిలే అనుకుంటే ఆ పేరు మార్చాల్సిన అవసరమే ఉండేది కాదు.

లెక్కలమాస్టారు: చట్టం సంగతి కాదు, ఇంట్లో మాట్లాడుకునే తెలుగు గురించి అడుగుతున్నాను.

రాత్రిబండి: నేను బైపోలార్‌కు లిథియం అనే మందు వాడుతున్నాను. పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉండటం బైపోలార్ కాదు. నాకు వచ్చినప్పుడు తొమ్మిది రోజులు రోజుకు రెండు గంటలే పడుకున్నా, అలసట తెలియలేదు. అప్పు చేసి మూడు బైకులు బుక్ చేశాను. తర్వాత నాలుగు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడు మందు మోతాదు సరిపోతోందో లేదో చూసుకోవడానికి రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మా ఆఫీసులోనూ "బైపోలార్ బాస్" అని నవ్వుకుంటారు. నేను మాత్ర బాత్రూమ్‌లో వేసుకుంటాను.

సీమమిర్చి: సారీ అన్నా. నాకు తెలియదు.

తులసికోట: మాస్టారూ, ఇంట్లో తెలుగే కదా అడిగారు? హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఎర్రగడ్డలో ఉంది కాబట్టి "ఎర్రగడ్డ పంపాలి" అంటారు. ఆ నవ్వులకు భయపడే మా నాన్న ఆసుపత్రి గేటు దాకా వచ్చి ఆటో వెనక్కి తిప్పించాడు. మీ ముద్దు మాటల వల్ల మాకు పోయింది ఆరేళ్లు. ఇంత చెప్పినా మీకు పిచ్చి మొక్కలే కనబడుతున్నాయంటే ఇక మీకు చెప్పేదేం లేదు.

లెక్కలమాస్టారు: నాకు కనబడేది ఏమిటో చెబుతాను, వినండి. పోయిన ఏడాది మా కోడలు ఫ్యామిలీ గ్రూపులో నన్ను "నార్సిసిస్ట్" అని, అంటే తన గొప్ప తప్ప ఎవరూ పట్టని మనిషని, రాసింది. ఎవరో వీడియోలో తొమ్మిది లక్షణాలు చెప్పారట, నాకు ఏడు ఉన్నాయట. ఏ డాక్టరు చూశాడు నన్ను? కోపిష్టి అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి, కోపం తగ్గించుకునేవాణ్ణి. జబ్బు మనిషినని తేల్చేశాక ఇక నేను ఏం మాట్లాడినా అది లక్షణమే. మనవడి పుట్టినరోజుకు పిలవలేదు. కేకు ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో చూశాను.

వానాకాలం: మాస్టారూ, అది అన్యాయం.

తులసికోట: అది తప్పే. కానీ అయితే మీరూ నా మాటే అంటున్నారు కదా? డాక్టరు వాడే పేరు అందరూ వాడకూడదనే కదా?

లెక్కలమాస్టారు: కాదు. మీరు ఆ మాటల్ని జాగ్రత్తగా వాడమంటున్నారు. అసలు అవి ఇళ్లలోకే రావద్దని నా మాట. చాదస్తం, దిగులు, ముభావం, ముక్కోపం, మనకు మాటలు లేవా? చాదస్తం ఉన్న మనిషితో అందరూ కలిసి అన్నం తింటారు.

తులసికోట: అక్కడే నేను ఒప్పుకోను. మా తమ్ముణ్ణి ఆరేళ్లు చాదస్తం అన్నారు. కలిసే తిన్నాం, నిజమే. వాడు మాత్రం చేతులు కడిగి వచ్చేసరికి అందరం తిని లేచేవాళ్లం. ఇంకో సంగతి, నా వాదనకు అడ్డం వచ్చేదే అయినా చెబుతాను. ఓసీడీ అన్న మాట వాడు మొదట విన్నది డాక్టరు దగ్గర కాదు. హాస్టల్లో పుస్తకాలు సర్దుకునే ఒక కుర్రాడు సరదాగా "నాకు ఓసీడీ రా" అన్నాడట. వీడు ఆ రాత్రి ఫోన్‌లో వెతికి, తెల్లవారుజామున నాకు ఫోన్ చేసి "అక్కా, దీనికి పేరుంది" అని ఏడ్చాడు. బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక ఆసుపత్రికి వెళ్లింది ఆ తర్వాతే. అక్కడ చికిత్సలో భాగంగా వాడి చేత తలుపు గడియ ముట్టించి, కడుక్కోకుండా కూర్చోబెట్టేవారు. మొదటి రోజు పది నిమిషాలు. ఇప్పుడు మాతో పాటే తింటున్నాడు. ఆ మాట ఇళ్లలోకి రావద్దంటే ఎలా ఒప్పుకోను?

లెక్కలమాస్టారు: మీ తమ్ముడు బాగుపడ్డాడు, సంతోషం తల్లీ. మా ఇంట్లోకి వచ్చిన మాట మాత్రం నన్ను బయట నిలబెట్టింది. నేను మార్చుకోలేను.

నల్లకోటు: ఎవరికైనా అవసరమైతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

వానాకాలం: ఆ అమ్మాయి ఎందుకు లేచి వెళ్లిందో నేను అడగనే లేదు. రేపు అడగనా?

రాత్రిబండి: అడగొద్దు బ్రో. చెప్పాలనుకుంటే తనే చెబుతుంది.