బావిలో దొరికిన తాబేలు: మళ్లీ బావిలోనే వేయాలా, చెరువులో వదలాలా?

దేవరకొండ రైతు:
ఈ ఎండాకాలం మా వ్యవసాయ బావి పూడిక తీయిస్తుంటే బురదతో పాటు తాబేలు పైకి వచ్చింది. అన్నం తినే పళ్లెమంత ఉంది. ఎత్తి పట్టుకుంటే వెనక కాళ్లు లోపలికి లాక్కుని, పొట్ట కింది తోలు రెప్పలతో మూసేసుకుంది. పైచిప్ప తడి తోలులా నున్నగా ఉంది, మీద పసుపు చుక్కలు. మా నాన్న చిన్నప్పుడు తాత వేశాడట. ‘నూరేళ్ల జీవి, బావికి రక్ష, మళ్లీ వేసెయ్’ అంటుంది అమ్మ. తమ్ముడేమో చెరువులో వదులుదాం అంటాడు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

మూసీ ఒడ్డు:
బావిలోనే వెయ్యి అన్నా. పురుగూ పుట్రా తిని నీళ్లు బాగుంచుతుంది. చెరువులో అయితే వలకు చిక్కి కూరైపోతుంది. జొనాథన్ అనే తాబేలును 1882లో సెయింట్ హెలెనా దీవికి తెచ్చారు. అప్పటి నుంచి అక్కడే ఉండి 190 ఏళ్లు దాటింది. ఒక్కచోట ఉంటే నష్టమేముంది?

పాలమూరు టీచర్:
తమ్మీ, జొనాథన్ ఉన్నది గవర్నర్ బంగ్లా పచ్చిక మీద. ఎండ ఉంది, తోడుకు వేరే తాబేళ్లున్నాయి. రాతికట్టు బావిలో ఏముంది?

వయసు మాటకొస్తే, గట్టి చిప్ప తాబేళ్లకైతే పలకల మీది గీతలు లెక్కపెడతారు, అదీ ముసలివాటికి సరిగ్గా తేలదు. తోలు చిప్ప దానికి ఆ పలకలే ఉండవు. కోల్‌కతా అలీపూర్ జూలో అద్వైత అనే తాబేలు 2006లో చనిపోతే 250 ఏళ్లన్నారు, రుజువు కాలేదు. ఐస్‌లాండ్ దగ్గర అదే ఏడాది పట్టిన ఆల్చిప్పకు మాత్రం గుల్ల లోపలి వలయాలు లెక్కపెట్టి 507 ఏళ్లని తేల్చారు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరు. ఎక్కువ కాలం బతికేవి చాలావరకు నిదానంగా ఈడుకొస్తాయి. గ్రీన్‌లాండ్ షార్క్ పిల్లలను కనే ఈడుకు రావడానికి సుమారు 150 ఏళ్లు పడుతుందని 2016లో లెక్కగట్టారు. తాబేలు గుడ్లు పెట్టినా చాలా ముంగిసల పాలో, కుక్కల పాలో అవుతాయి. అందుకే తల్లి ఏళ్ల తరబడి బతికి మళ్లీ మళ్లీ పెట్టాలి. ఆ ఆయుష్షు అందుకే. మీ బావిలో ఆడదైతే గుడ్లు పెట్టడానికి మట్టిగట్టు లేదు, మగదైతే జోడు లేదు. మీ నాన్న చిన్నప్పటి నుంచి ఒక్క పిల్లయినా పుట్టిందా? నాకు అది తలుచుకుంటేనే బాధగా ఉంది.

మూసీ ఒడ్డు:
అక్కా, ఆ మాట నిజమే. కానీ చెరువు ఎండిపోతే? వలల సంగతేంటి?

పాలమూరు టీచర్:
ఎండితే ఒండ్రులోకి దూరి వానల దాకా ఉంటుంది, ఈ జాతికి అది అలవాటే. వలల భయం మాత్రం నాకూ ఉంది. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. ఎక్కడ వదలాలో అటవీ శాఖ వాళ్లనే అడగండి.

దేవరకొండ రైతు:
మా చెరువులో ఇప్పుడు చేపలు పడుతున్నారు, అక్కడ వదలను. పొద్దున్నే రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేస్తా. ఈ రాత్రికి గంగాళంలో నాలుగు వేళ్ల లోతు బావినీళ్లు పోసి ఉంచాం. పైన తడి గోనెసంచి కప్పింది అమ్మే.