కోరంగీ అంటే ఊరా, జాతా, తిట్టా?

నిన్న ఒకాయన కోరంగీ అన్నది తిట్టుమాటా అని అడిగారు కదండీ, కొంచెం పొడుగవుద్ది, ఏమనుకోకండి. మాకైతే కోరంగి ఊరు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దార్లో తాళ్ళరేవు దగ్గర, ఆదివారం మడ అడవి చూడ్డానికి జనం దిగుతారే, అదే. ఒకప్పుడు పెద్ద ఓడరేవు, 1839 తుపానుకి పోయింది. రేవు పోయినా పేరు సముద్రం దాటేసింది, బర్మాలో తెలుగు కూలీ ఎవరైనా, శ్రీకాకుళం వాడైనా సరే, కోరంగీయే.

మా తాతగారి అన్నయ్య రంగంలో (రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవారు) రేవులో మూటలు మోసి, 1942లో జపానోళ్ళొచ్చాక నడిచొచ్చేశారు. వచ్చేటప్పుడు తెచ్చింది లక్క పూసిన వక్కాకు పెట్టె ఒకటే, మూత ఇప్పుడు బిగుసుకుపోయింది. "అక్కడ కోరంగీ అంటే ఒళ్ళు మండేదిరా, కానీ మీరేవిట్లని ఏ బర్మావోడూ అడగలేదు. ఇక్కడ గోదారి దాటకుండానే పడవోడు అడిగేశాడు" అనేవారు. కులం అడగడానికి మావైపు మాట అదేనండి, ఏవిట్లు.

కామెంట్: బర్మావోడు అడక్కపోవచ్చు గానీ అక్కడా కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ తన ఊరోళ్ళనీ తనవాళ్ళనే తెచ్చుకునేవాడు సార్, మనోళ్ళుండే గదిలో ఏవిట్లు ఉండేవుంటాయి.

ఆయ్, నిజమే, ఆ మాట తాతగారు చెప్పలేదు.

తిట్టా అంటే, 1930 మేలో రంగూన్ రేవులో బర్మా కూలీలకీ మనోళ్ళకీ గొడవలై చంపుకున్నప్పుడు ఆ పిలుపు విని పరిగెత్తినోడికి అది ఊరి పేరులా వినపడదు కదండీ.

కామెంట్: మారిషస్‌ వెళ్ళిన మనోళ్ళని పిలవడంలో ఇంకో తమాషా. 1968 రాజ్యాంగంలో హిందూ, ముస్లిం, చైనా మూలాలవాళ్ళు అని మూడు పెట్టి, జీవన విధానం చూస్తే ఈ మూడిట్లో పడనోళ్ళందర్నీ జనరల్ పాపులేషన్ అన్నారు. కాయితం మీద మనోళ్ళు హిందువులే, కానీ అక్కడ మామూలు మాటల్లో హిందూ అంటే భోజ్‌పురీ మూలాలవాళ్ళు, మనోళ్ళు విడిగా తెలుగు.

అంటే కాయితం మీద మతం, మామూలు మాటల్లో భాష కింద లెక్కన్నమాట, బావుంది.

కామెంట్: ఆ పెట్టె ఫోటో పెట్టండి సార్.

మా అక్క దగ్గరుందండీ, సంక్రాంతికి వెళ్ళినప్పుడు తీస్తాను.