అప్‌డేట్: కొత్త ట్యూబా శ్రుతి దారికొచ్చింది

నాలుగు వాల్వుల (నొక్కితే గాలి దారిలో అదనపు గొట్టం కలిపే మీటలు) డబుల్ బి ఫ్లాట్ (BBb) ట్యూబా అనే పెద్ద ఇత్తడి ఊదుడు వాయిద్యంలో కింది సి, బి నేచురల్ శ్రుతి మించుతున్నాయని, పైన డి తగ్గుతోందని, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. ఇప్పుడు మూడూ అదుపులోకొచ్చాయి.

ముందు వాయిద్యాన్ని బాగా వేడెక్కనివ్వాలి. లోపలి గాలి ఒక్క డిగ్రీ చల్లబడినా శ్రుతి దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో వందో వంతు) పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు మెయిన్ స్లయిడ్ (లాగితే గొట్టం పొడవు పెంచే జారుడు భాగం) జరిపితే ఆ పనంతా వృథా. వేడెక్కాక వాల్వ్ నొక్కకుండా బి ఫ్లాట్, ఎఫ్ పలికించి మెయిన్ స్లయిడ్ సరిచేశాను. తర్వాతే వాల్వ్ స్లయిడ్లు, ఒక్కొక్కటిగా.

సి, బి మించడానికి కారణం గొట్టాల పొడవే. విడివిడిగా సరైన వాల్వులను కలిపి నొక్కితే పొడవు చాలదు: 1+3కి సుమారు 30 సెంట్లు, 1+2+3కి 50కి పైగా ఎక్కువొస్తుంది. అందుకే సికి నాలుగో వాల్వ్ ఒక్కటే, బికి 2+4 వాడుతున్నాను. 2+4లోనూ 25 సెంట్ల దాకా మిగులుతుంది, ఇందులో ఒకటో వాల్వ్ నొక్కం కాబట్టి దాని స్లయిడ్ దాన్ని తగ్గించలేదు, నేను పెదాలతో దించుతున్నాను.

డి ఐదో హార్మోనిక్ (ఒకే గొట్టం పొడవులో సహజంగా పలికే స్వరాల వరుసలో ఐదోది), సహజంగానే 14 సెంట్లు తక్కువ. పెదాలు బిగించి లేపితే నాదం పలచబడుతుంది, నాకది అస్సలు నచ్చలేదు. 1+2తో పట్టి, ఒకటో స్లయిడ్ కొద్దిగా లాగితే నిండుగా పలుకుతోంది. స్లయిడ్ కదిలించేటప్పుడు ఆ వాల్వ్ నొక్కి ఉంచండి, లేకపోతే లోపల గాలి బిగుసుకుంటుంది.

ట్యూనర్‌ను చూస్తూ కాక, డ్రోన్ స్వరం (తంబురాలా ఆగకుండా మోగే ఒకే స్వరం) పెట్టుకొని వింటూ సాధన చేయడమే ఎక్కువ ఉపకరించింది.